మింగిన మాత్ర ఎటు పోతుంది?

జ్వరం మాత్ర పూటకొకటి, బీపీ మాత్ర రోజుకొకటి, కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ వారానికొకసారి. డాక్టరు చీటీ మీద రాసే ఈ లెక్కలు ఎక్కడ్నుంచి వచ్చాయని అడిగేవాళ్లు తక్కువ. మందు పనిచేసిందా లేదా అన్నదే అందరికీ కావాలి. పని అయ్యాక ఒళ్లు దాన్ని ఎలా వదిలించుకుంటుందో ఎవరికీ పట్టదు. మోతాదు, వేళ, పథ్యం, కొన్ని మరణాలు కూడా ఈ వదిలించుకోవడం చుట్టూనే తిరుగుతాయి. అట్ట మీద అచ్చేసిన మిల్లీగ్రాములు సగటు మనిషికి కట్టిన లెక్క. ఆ సగటు మనిషి మన ఇళ్లలో అరుదుగా కనిపిస్తాడు.

మందుల కోసమని శరీరంలో ప్రత్యేక ఏర్పాటేమీ లేదు. ఆకుల్లో, కాయల్లో, దుంపల్లో ఉండే విషాలను వదిలించుకోవడానికి ఏర్పడిన పాత యంత్రాంగమే మాత్ర సంగతీ చూసుకుంటుంది. మందుల్లో చాలావరకు కొవ్వులో కరిగే రకం. అలా ఉంటేనే పేగు గోడ దాటి, కణం పొర దాటి లోపలికి పోగలవు. చిక్కంతా బయటికి పంపేటప్పుడే. మూత్రపిండం వడగట్టిన నీటిలోంచి అవి మళ్లీ గొట్టాల గోడ దాటి రక్తంలోకే వచ్చేస్తాయి. జిడ్డు గిన్నె ఒట్టి నీళ్లకు వదలదు కదా, ఇదీ అంతే. అందుకని కాలేయం ముందుగా ఆ అణువుకు ఆక్సిజన్ చేర్చడమో, ఓ ముక్క తెంపడమో చేసి పట్టు దొరికేలా చేస్తుంది. తర్వాత ఆ పట్టుకు గ్లూకురోనిక్ ఆమ్లమో, సల్ఫేటో, గ్లైసీనో తగిలిస్తుంది. దాంతో అది నీళ్లలో కరుగుతుంది. చిన్న అణువులు మూత్రంలోకి, పెద్దవి పైత్యరసంతో పేగులోకి వెళ్లిపోతాయి. మత్తు వాయువుల్లాంటివి ఊపిరితోనే పోతాయి. చెమట, లాలాజలం, తల్లిపాలలోకి వెళ్లేది మొత్తం మీద కొంచెమే. అయినా పాలిచ్చే తల్లి విషయంలో ఆ కొంచెమే ముఖ్యం.

ఈ సంగతి బయటపడి 180 ఏళ్లు దాటింది. 1841లో లండన్ వైద్యుడు అలెగ్జాండర్ యూర్ బెంజోయిక్ ఆమ్లం ఇస్తే మూత్రంలో హిప్పురిక్ ఆమ్లం వస్తోందని గమనించాడు. మరుసటి ఏడాది జర్మనీలో రసాయనవేత్త వోలర్ ప్రయోగశాలకు చెందిన కెల్లర్ తానే ఆ ఆమ్లం మింగి, తన మూత్రాన్నే పరీక్షించి సంగతి తేల్చాడు. బయటి నుంచి వచ్చిన రసాయనాన్ని ఒళ్లు మరో రసాయనంగా మార్చి పంపుతుందనడానికి అది తొలి రుజువుల్లో ఒకటి. ఆ తర్వాత వందేళ్లలో పోగుపడిన సమాచారాన్నంతా 1947లో జీవరసాయనవేత్త ఆర్.టి. విలియమ్స్ ఒక పుస్తకంగా కూర్చాడు. పైన చెప్పిన రెండు అంచెల లెక్క ఆయన పెట్టిందే. ఆ పుస్తకం పేరులో విషాన్ని విరిచెయ్యడం అనే అర్థం ఉంది గానీ, కాలేయం చేతిలో పడిన ప్రతిదీ చల్లబడదు. కొన్ని అక్కడే కోరలు తెచ్చుకుంటాయి.

నోటితో మింగిన మందు పేగు గోడ దాటగానే నేరుగా ఒళ్లంతా పాకదు. పేగుల రక్తమంతా ముందు కాలేయం గుండానే పోవాలి. ఆ తొలి విడతలోనే కొన్ని మందులు చాలావరకు ఖర్చయిపోతాయి. గుండె దడకు వాడే ప్రొప్రనలోల్‌ను నరంలోకి ఎక్కించాలంటే 1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు, మాత్రగా అయితే 40 రాస్తారు. తేడాలో ఎక్కువ భాగం కాలేయం పట్టుకున్నదే. గుండె నొప్పి వచ్చినప్పుడు సార్బిట్రేట్ మాత్రను నాలుక కింద పెట్టుకోమనేది కూడా ఇందుకే. అక్కడి రక్తనాళాలు కాలేయాన్ని తప్పించి మందును గుండె వైపు తీసుకుపోతాయి. కంగారులో నీళ్లతో మింగేస్తే ఆ లాభం పోతుంది.

కాలేయంలో మొదటి అంచె పని ఎక్కువగా సైటోక్రోమ్ పి450 అనే ఎంజైముల కుటుంబానిది. కార్బన్ మోనాక్సైడ్ తగిలితే 450 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకునే రంగు పదార్థం కాబట్టి జపాన్ శాస్త్రవేత్తలు ఓమురా, సాటో 1962లో ఆ పేరు పెట్టారు. మనిషి జన్యువుల్లో వీటి సంఖ్య 57 అని ఇప్పుడు తెలుసు. మందుల పని చూసేవి వాటిలో కొన్నే. వాటిలో 3ఎ4 అనే ఒక్కటే వాడుకలో ఉన్న మందుల్లో మూడో వంతు నుంచి సగం దాకా చూసుకుంటుంది. ఇన్ని మందులు ఒకే ఎంజైమ్ మీద ఆధారపడితే ఒకదాని మూలాన ఇంకొకటి ఆగిపోక తప్పదు.

ఆపేది మరో మందే కానక్కర్లేదని తేలిన తీరు తమాషాగా ఉంటుంది. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందుకు మద్యం తోడైతే ఏమవుతుందో చూడబోయింది. మద్యం రుచి తెలియకూడదని గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. రక్తంలో మందు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కనిపించింది. తీరా వెతికితే దోషి మద్యం కాదు, పండ్ల రసం. 1989లో వెలువడిన ఈ ఫలితాన్ని మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ రసంలోని పదార్థాలు పేగు గోడలో ఉండే 3ఎ4ను పనికిరాకుండా చేస్తాయి. కొత్త ఎంజైమ్ తయారవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కాబట్టి పొద్దున రసం తాగి రాత్రి మాత్ర వేసుకున్నా తప్పించుకున్నట్టు కాదు. మన అంగళ్లలో గ్రేప్‌ఫ్రూట్ తక్కువే. అయితే ఆ పండుకు మూలమైన పంపర పనస మన పెరళ్లలోనే కాస్తుంది, దానిలోనూ అదే రకం పదార్థాలున్నాయి. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వాడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

టెర్ఫెనడిన్ కథ ఇంతకన్నా గంభీరం. అది అలర్జీ మాత్ర. మామూలుగా కాలేయం దాన్ని పూర్తిగా మార్చేస్తుంది. అసలు రూపం రక్తంలో దాదాపు కనిపించదు. ఎరిత్రోమైసిన్ గానీ, కీటోకొనజోల్ గానీ తోడైతే 3ఎ4 ఆగిపోయి అసలు రూపమే మిగిలిపోయేది, గుండె లయ తప్పేది. మరణాలు బయటపడ్డాక 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి దాన్ని తీసేశారు. దాని బదులు వచ్చింది టెర్ఫెనడిన్‌ను కాలేయం మార్చగా వచ్చే పదార్థమే, పేరు ఫెక్సోఫెనడిన్. మన మందుల షాపుల్లో అలెగ్రాగా అమ్మేది అదే. కాలేయం చేసే పనిని ముందే ఫ్యాక్టరీలో చేయించి మాత్రగా అమ్ముతున్నారన్నమాట.

ఎంజైమ్ పనిని ఆపడం ఒక ఎత్తయితే, ఎగదొయ్యడం ఇంకో ఎత్తు. క్షయకు వాడే రిఫాంపిసిన్ రెండో రకంలో అన్నింటికంటే బలమైనవాటిలో ఒకటి. మూత్రం నారింజ రంగులోకి మారిందని భయపడేవాళ్లకు డాక్టర్లు సర్దిచెబుతారు. నిజానికి భయపడాల్సింది రంగు గురించి కాదు. అది మొదలుపెట్టిన వారం పది రోజుల్లో కాలేయం ఎంజైములను ఎక్కువగా తయారుచేసుకుని మిగతా మందులను త్వరత్వరగా తోసేస్తుంది. గర్భనిరోధక మాత్రలు పనిచెయ్యవు, రక్తం పల్చబరిచే వార్ఫరిన్ చాలదు, కొన్ని హెచ్‌ఐవీ మందుల మోతాదు మార్చాలి. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఈ ఊపు తగ్గదు. అది తగ్గేటప్పుడే, అంతకుముందు పెంచిన వార్ఫరిన్ మోతాదు ఎక్కువై రక్తస్రావం జరుగుతుంది.

ఇక పారాసిటమాల్. కాలేయం పనితనమంతా ఈ ఒక్క మాత్రలో కనిపిస్తుంది. అసలు ఈ మందు విలువ తెలిసింది కూడా కాలేయం పుణ్యాననే. 1886 నుంచి జ్వరానికి ఎసిటానిలైడ్ వాడేవారు, దాంతో రక్తం చెడి పెదాలు నీలం తిరిగేవి. ఒంట్లో అది మారి పారాసిటమాల్ అవుతుందనీ, జ్వరం తగ్గించేది ఆ మారిన రూపమేననీ 1948లో శాస్త్రవేత్తలు బ్రోడీ, యాక్సెల్‌రాడ్ తేల్చారు. మామూలు మోతాదులో పారాసిటమాల్‌లో ఎక్కువ భాగం గ్లూకురోనిక్ ఆమ్లం, సల్ఫేటు తగిలించుకుని బుద్ధిగా మూత్రంలోకి పోతుంది. పదో వంతుకు మించని భాగం మాత్రం పి450 దారి పట్టి నాప్క్వి అనే విషంగా మారుతుంది. కాలేయంలో ఉండే గ్లూటాథయాన్ దాన్ని వెంటనే పట్టి విరిచేస్తుంది. కాబట్టి ఏమీ కాదు. మోతాదు మితిమీరితే సల్ఫేటు నిల్వ అయిపోతుంది, ఎక్కువ భాగం విషం దారి పడుతుంది, గ్లూటాథయాన్ కూడా అయిపోతుంది. ఇక ఆ విషం కాలేయం కణాలనే కాల్చేస్తుంది. దారుణమేమిటంటే మొదటి రోజు వికారం తప్ప ఏమీ ఉండదు. రెండో రోజుకో మూడో రోజుకో కళ్లు పచ్చబడతాయి. విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ గ్లూటాథయాన్ నిల్వను మళ్లీ నింపుతుంది. ఎనిమిది గంటల్లోపు పడితే కాలేయం దాదాపుగా దక్కుతుంది. మింగినవాళ్లు బాగానే ఉన్నారు కదా అని ఇంట్లో కూర్చుంటే పోయేది ఆ ఎనిమిది గంటలే.

ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు పైహద్దు. డోలో 650 ఆరు వేసుకుంటే 3.9 గ్రాములు, అంటే హద్దు అంచుకు చేరినట్టే. దానితోపాటు జలుబు మాత్ర, ఒళ్లునొప్పుల మాత్ర వేసుకుంటే వాటిలోనూ పారాసిటమాల్ ఉంటుంది. అట్ట వెనక చిన్న అక్షరాలు చదివేదెవరు? రోజూ తాగేవాళ్లకు, తిండి సరిగా తిననివాళ్లకు ఈ హద్దు ఇంకా కిందే ఉంటుంది. పిల్లిని పెంచుకునేవాళ్లకు ఒక మాట: దానికి ఒక్క మాత్ర కూడా వెయ్యకండి. గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించే ఎంజైమ్ పిల్లుల్లో పాడైపోయి ఉంది, చిన్న మోతాదే ప్రాణం తీస్తుంది.

ఒక జంతువు వదిలించుకోగలిగింది మరో జంతువుకు మృత్యువు అవుతుందని మన దేశానికి రాబందులు నేర్పాయి. నొప్పులకు పశువులకిచ్చే డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను చంపుతోందని 2004లో తేలింది. తెల్లవీపు రాబందుల్లో 99 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. దాని బదులు ఎసిక్లోఫెనాక్ మొదలుపెట్టారు. తీరా చూస్తే ఆవు ఒంట్లో ఎసిక్లోఫెనాక్ మారి డైక్లోఫెనాకే అవుతుంది! నిషేధించిన విషాన్ని ఆవు కాలేయం మళ్లీ తయారుచేసి పెట్టిందన్నమాట. 2023లో దాన్నీ నిషేధించారు. మందు ఎలా మారుతుందో ముందే చూసుకుని ఉంటే పదిహేడేళ్లు పోయేవి కావు. ఈ విషయంలో నియంత్రణ సంస్థలను తప్పుపట్టక తప్పదు.

ఇంతవరకూ అందరి కాలేయం ఒకటే అన్నట్టు చెప్పుకొచ్చాను. కానే కాదు. 1970ల మధ్యలో లండన్ సెయింట్ మేరీస్ వైద్య కళాశాలలో రాబర్ట్ స్మిత్ డెబ్రిసోక్విన్ అనే బీపీ మందును తన మీదే పరీక్షించుకున్నాడు. తోటివాళ్లు అదే మోతాదు మింగి హాయిగా తిరుగుతుంటే ఆయన బీపీ పడిపోయి నిలబడలేకపోయాడు. ఆయనలో 2డి6 అనే ఎంజైమ్ పనిచెయ్యదు. 1977లో వెలువడిన ఆ పరిశోధన తర్వాత యూరప్ జనంలో 5 నుంచి 10 శాతం మంది అలాంటివాళ్లేనని తెలిసింది. ఇదే ఎంజైమ్ కోడీన్‌ను మార్ఫీన్‌గా మారుస్తుంది. ఎంజైమ్ లేనివాళ్లకు కోడీన్ నొప్పి తగ్గించదు, మరీ చురుగ్గా ఉన్నవాళ్లకు ప్రమాదం. పిల్లల్లో ఊపిరి ఆగిన సంఘటనల తర్వాత 12 ఏళ్లలోపు వారికి కోడీన్ ఇవ్వరాదని అమెరికా ఔషధ సంస్థ 2017లో ఉత్తర్వు వేసింది. పసికందుల పాఠం ఇంకా పాతది. కాలేయం ఇంకా ఎదగని శిశువులకు క్లోరాంఫెనికాల్ ఇస్తే ఒళ్లు బూడిద రంగు తిరిగి చనిపోతున్నారని 1959లోనే తేలింది.

మనకు దగ్గరి ఉదాహరణ మద్రాసుది. 1956లో మొదలైన అక్కడి క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంలో ఐసోనియాజిడ్ వాడుతున్నవాళ్లను పరీక్షిస్తే సుమారు 60 శాతం మందిలో ఆ మందు మెల్లగా పోతోంది. మిగతావాళ్లలో త్వరగా పోతోంది. ఎటు మొగ్గినా ఒక చిక్కు. మెల్లగా పోయేవాళ్లకు నరాలు దెబ్బతిని అరికాళ్లు మంటలెత్తుతాయి, అందుకే ఆ మందుతోపాటు బి6 విటమిన్ మాత్ర ఇస్తారు. త్వరగా పోయేవాళ్లకు వారానికొక్కసారి ఇచ్చే పద్ధతిలో జబ్బు సరిగా నయం కాలేదు. రోజూ ఇస్తే ఆ తేడా లెక్కలోకి రాదు. పేదవాళ్ల కోసం వారానికొకసారి చాలుతుందా అని చేసిన ప్రయత్నానికి అడ్డుపడింది ఒక ఎంజైమ్.

గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లు వాడే క్లోపిడోగ్రెల్‌ది ఇంకో తీరు. మాత్రలో ఉన్నప్పుడు అది నిర్జీవం. కాలేయంలోని 2సి19 దాన్ని మార్చాకే రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. దక్షిణాసియా వాళ్లలో ఈ ఎంజైమ్ బలహీనంగా ఉండేలా చేసే జన్యువు యూరప్ వాళ్లలో కంటే ఎక్కువ. బ్రిటన్‌లో ఉంటున్న బంగ్లాదేశీ, పాకిస్తానీ సంతతి వారిని పరీక్షిస్తే సగానికి మించి మందిలో కనిపించింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువే వచ్చినవాళ్లకు ఈ మందు చాలకపోవచ్చని అమెరికాలో 2010 నుంచి మందు సమాచార పత్రంలో ప్రత్యేక హెచ్చరిక ఉంది. పైగా గ్యాస్ మాత్రగా మనం పరగడుపునే వేసుకునే ఒమెప్రజోల్ ఇదే ఎంజైమ్‌ను అణచివేస్తుంది. పాంటోప్రజోల్ అంతగా అణచదు. స్టెంటు ఉన్నాయన షాపుకెళ్లి ‘ఏదో ఒక గ్యాస్ బిళ్ళ ఇవ్వమ్మా’ అని అడగడం వెనక ఇంత సంగతి ఉంది.

అన్నింటికంటే తెలుగువాళ్లకు సూటిగా తగిలేది స్కోలిన్ వ్యవహారం. ఆపరేషన్‌కు మత్తిచ్చేటప్పుడు గొంతులో గొట్టం వెయ్యడానికి కండరాలను వదులు చెయ్యాలి. అందుకు సక్సినైల్‌కోలిన్ ఎక్కిస్తారు, ఆపరేషన్ థియేటర్‌లో దాని పేరు స్కోలిన్. నిమిషంలో ఒళ్లంతా సడలి ఊపిరి ఆగుతుంది, ఐదు పది నిమిషాల్లో తిరిగొస్తుంది. ఇంత త్వరగా పోవడానికి కారణం రక్తంలోనే తిరిగే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. కాలేయంలో పుట్టినా అది పనిచేసేది రక్తంలో. ఎక్కించిన మందులో ఎక్కువ భాగాన్ని కండరం దాకా చేరకముందే అది తెగనరుకుతుంది. ఎంజైమ్ లేకపోతే? పది నిమిషాలు కాస్తా గంటలవుతాయి. ఆపరేషన్ అయిపోయినా మనిషి ఊపిరి తీసుకోడు, వేలు కదపడు. మత్తు తగ్గితే తెలివి వస్తుంది, కానీ చెప్పడానికి కనురెప్ప కూడా కదలదు. ఇంత భయంకరంగా ఉన్నా చికిత్స సులువే: మత్తు కొనసాగిస్తూ, కృత్రిమ శ్వాస ఇస్తూ మందు దానంతటదే పోయేదాకా కాచుకోవడం. వెంటిలేటర్ ఉన్నచోట ఇది కొన్ని గంటల ఆలస్యం, లేనిచోట ప్రాణం.

ఈ లోపం జన్యువుల్లో వస్తుందని 1950ల్లోనే టొరంటోలో పరిశోధకుడు వెర్నర్ కలో చూపించాడు. చాలా జాతుల్లో ఇది అరుదు. ఆర్యవైశ్యుల్లో మాత్రం కాదు. ఆ సమాజంలో ఈ ఎంజైమ్‌ను దెబ్బతీసే ఒక ప్రత్యేకమైన జన్యుమార్పును 2006లో కనుగొన్నారు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియా సమూహాల జన్యువులను పరిశీలించి ప్రచురించిన పెద్ద అధ్యయనంలో వైశ్యులనే ప్రధాన ఉదాహరణగా చూపాయి. ముప్పై లక్షలకు పైగా ఉన్న ఆ సమాజంలో ఈ లోపం మిగతావాళ్లలో కంటే సుమారు వంద రెట్లు ఎక్కువని అందులో రాశారు. కారణం ఏ ఆచారమో, తిండో కాదు. రెండు మూడు వేల ఏళ్ల కింద కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సమాజం కులంలోనే పెళ్లిళ్లు చేసుకుంటూ రావడంతో ఆ పూర్వీకుల్లో ఒకరికి ఉన్న మార్పు చాలామందిలోకి పాకింది. వాళ్లు చూసిన 263 సమూహాల్లో 81 ఇలాంటివే, కాబట్టి ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపే పని లేదు. వైశ్యులది ముందుగా బయటపడింది, అంతే. ఈ లోపం ఉన్నవాళ్లకు జీవితమంతా ఏ ఇబ్బందీ ఉండదు. ఆ ఒక్క మందు ఎక్కించినప్పుడే తెలుస్తుంది. మన ప్రాంతంలో అనుభవమున్న మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు కులం అడిగితే మర్యాద తప్పారని అనుకోకూడదు. స్కోలిన్ బదులు రొక్యూరోనియం లాంటి వేరే మందులున్నాయి. ఇదే ఎంజైమ్‌ను పురుగుమందులు కూడా చంపుతాయి. ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగి ఆసుపత్రికి వచ్చిన రైతుకు స్కోలిన్ ఇస్తే అతనికి ఏ జన్యులోపం లేకున్నా ఇదే పరిస్థితి.

కాలేయం తర్వాత మూత్రపిండాలు. రోజుకు 180 లీటర్ల దాకా వడగడతాయి. వడగట్టడమే కాక కొన్ని మందులను పనిగట్టుకుని పంపు చేసి బయటికి నెడతాయి. పెనిసిలిన్ అలాంటిది. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు తొలిసారిగా చికిత్సకు పెనిసిలిన్ ఇచ్చినప్పుడు మనిషి కోలుకోసాగాడు, మందు మాత్రం గంటల్లో మూత్రంలోకి పోతోంది. అప్పటికి ప్రపంచంలో ఉన్న పెనిసిలిన్ అంతా ఆ కొంచెమే. శాస్త్రవేత్తలు ఆయన మూత్రాన్ని ప్రయోగశాలకు తీసుకుపోయి, అందులోంచి మందు తీసి, మళ్లీ ఆయనకే ఎక్కించారు. అదీ చాలలేదు, మార్చిలో ఆయన చనిపోయాడు. ఆ పంపును అడ్డుకోవడానికే తర్వాత ప్రొబెనిసిడ్ పుట్టింది.

మూత్రపిండాలే బయటికి పంపే మెథోట్రెక్సేట్‌లో మన వాటా ఉంది. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన నడుపుతున్న రోజుల్లో తయారైన యాంటీఫోలేట్ మందుల వంశంలోది అది. ఎక్కువ భాగం మారకుండా మూత్రంలోకే పోతుంది. రక్తంలోంచి ఒక్కరోజులో పోయినా కణాల లోపల చాలా రోజులు నిల్వ ఉంటుంది, అందుకే వారానికొకసారి. పొరపాటున రోజూ వేసుకుని ఎముకల్లోని మూలుగ దెబ్బతిని చనిపోయినవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. మూత్రపిండాలు నీరసించినవాళ్లలో నొప్పి మాత్రలు తోడైతే ఇది ఇంకా పేరుకుపోతుంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ సంగతి చూడండి, కాలేయం దాన్ని మార్చనే మార్చదు. మొత్తం మూత్రపిండాల మీదే భారం. వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్ల కంటే కిందికి పడిపోతే ఆపెయ్యాలి. ఉద్దానం లాంటి చోట, ఏ లక్షణమూ లేకుండానే కిడ్నీలు పాడైపోతున్న ఊళ్లలో, మెట్‌ఫార్మిన్ అయినా నొప్పి మాత్ర అయినా క్రియాటినిన్ చూడకుండా రాయడం నా దృష్టిలో నిర్లక్ష్యమే. ముసలివాళ్ల విషయంలో క్రియాటినిన్ కూడా మోసం చేస్తుంది. కండ తగ్గిపోవడంతో ఆ అంకె మామూలుగానే కనిపిస్తుంది, వడపోత మాత్రం సగానికి పడి ఉంటుంది. వయసు కలిపి వడపోతను లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ అడగాలి.

ఎంత త్వరగా పోతుందన్నది సాధారణంగా ఇలా లెక్కిస్తారు: రక్తంలో మందు సగమవడానికి పట్టే కాలం. పారాసిటమాల్‌కు రెండు మూడు గంటలు, బీపీ మాత్ర ఎమ్లోడిపిన్‌కు 30 నుంచి 50 గంటలు, థైరాయిడ్ మాత్రకు వారం, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్‌కు నెలలు. ఐదు సార్లు సగమైతే దాదాపు పోయినట్టే. మొదలుపెట్టినప్పుడు నిలకడకు రావడానికి పట్టేది కూడా అంతే. బీపీ మాత్ర రెండు రోజులు వేసుకుని ‘పనిచెయ్యలేదు’ అని మార్చమనడంలో అర్థం లేదన్నది ఇందుకే.

ఈ లెక్కకు లొంగనివాటిలో రెండు చూద్దాం. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ మామూలు మోతాదులోనే ఎంజైమ్‌ను నింపేస్తుంది. ఆపైన 300ను 400 చేస్తే రక్తంలో మూడో వంతు పెరగదు, రెట్టింపు దాటొచ్చు. మనిషి తాగినవాడిలా తూలతాడు. రెండోది మద్యమే. కాలేయం దాన్ని గంటకు 7 నుంచి 10 గ్రాముల చొప్పున, ఎంత ఉన్నా అదే నడకన ఖర్చుచేస్తుంది. క్వార్టర్ సీసాలో 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం, అంటే 60 గ్రాముల మద్యం. పోవడానికి ఆరు నుంచి ఎనిమిది, తొమ్మిది గంటలు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం దీన్ని ఒక్క నిమిషం కూడా ముందుకు జరపలేవు. అర్ధరాత్రి తాగి తెల్లారి బండెక్కినాయన ఊదిస్తే పట్టుబడటంలో వింతేముంది?

వంటింటి దినుసులూ ఈ వ్యవహారంలో ఉన్నాయి. మిరియాల్లోని పైపరిన్ కాలేయంలో గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించే పనిని మందగింపజేస్తుంది. 1998లో బెంగళూరులో 2 గ్రాముల కర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ తోడు చేస్తే రక్తంలో చేరేది 20 రెట్లయిందని చూపారు. రక్తంలో చేరే మందును పెంచే ఈ గుణంతోనే రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్‌లకు పైపరిన్ కలిపిన క్షయ మాత్ర 2009లో మన దేశంలో వచ్చింది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిపిన త్రికటుకాన్ని మందులకు తోడుగా వాడిన మన వైద్యులకు ఇది అనుభవంలో తెలిసే ఉంటుంది. అయితే ఒళ్లు వద్దని తోసేస్తున్నదాన్ని బలవంతంగా ఆపడం ఎప్పుడూ లాభమే కాదు. పైపరిన్ కలిపిన పసుపు క్యాప్సూల్స్‌తో కాలేయం వాచిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. పప్పులో వేసే పసుపుకు ఈ భయం వర్తించదు. ‘కాలేయం శుద్ధి’ అంటూ అమ్మే సీసాల గురించి ఒక్క మాట చాలు: కాలేయాన్ని కడిగే మందు లేదు, ఆ సీసాలో ఉన్నదాన్ని కూడా వదిలించుకోవాల్సింది కాలేయమే.

చివరగా, ఈ అంకెలన్నీ ఎక్కడ తయారవుతాయి? హైదరాబాద్ లాంటి నగరాల్లోనూ తయారవుతాయి. కంపెనీ కొత్తగా తెచ్చే జెనరిక్ మాత్ర అసలు మాత్రతో సమానమని చూపించాలంటే మనుషులకిచ్చి, వేళకు రక్తం తీసి, గీత గీసి, రెండింటి నిష్పత్తి 80 నుంచి 125 శాతం హద్దుల్లో ఉందని చూపాలి. ఆ రక్తం ఇచ్చేది డబ్బు అవసరమైన పేదవాళ్లు. 2011లో పిడుగురాళ్ల మహిళలు, 2017లో కరీంనగర్ జిల్లా యువకులు ఇలాంటి పరీక్షల మూలంగానే వార్తల్లోకెక్కారు. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య మందు పూర్తిగా పోయే గడువు ఇవ్వాలన్న నియమం ఉంది. ఒకే మనిషి రెండు మూడు చోట్ల పేరు రాయించుకుంటే ఆ నియమం కాగితం మీదే మిగిలిపోతుంది. శాస్త్రపరంగా ఇంకో లోపముంది. రక్తం ఇచ్చేవాళ్లు ఎక్కువగా 18 నుంచి 45 ఏళ్ల ఆరోగ్యవంతులైన మగవాళ్లు. ఆ మాత్ర రోజూ మింగేది డెబ్బై దాటి, షుగరూ బీపీ ఉండి, మరో ఆరు మాత్రలు వేసుకునే అమ్మమ్మలూ తాతయ్యలూ.

అందుకని ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల సంచీ మొత్తం పట్టుకెళ్లి బల్ల మీద పెట్టండి. గ్యాస్ మాత్ర, చూర్ణం, కషాయం, రాత్రి పెగ్గు ఏదీ దాచకండి. ఈజీఎఫ్ఆర్ చేయించి ఏడాది దాటితే మళ్లీ చేయించమని మీరే అడగండి. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వస్తే, ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందేమో గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఆర్యవైశ్యులైతే అడక్కముందే ఆ సంగతి చెప్పి, కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు ఫైలులో పెట్టుకోండి.